కొట్టివేత లేని పుస్తకం

తప్పు చూపిస్తే దిద్దుతారని నమ్మడం నా మూర్ఖత్వాలన్నిటిలో మొదటిది కాదు. ఎక్కువ కాలం మన్నింది మాత్రం అదే. చేసిన ఉద్యోగం అలాంటిది. బోధన్ చుట్టుపక్కల బడుల్లో తెలుగు పంతులుగా పనిచేశాను. పొద్దస్తమానం ఎర్ర పెన్నుతో పిల్లల తప్పులు దిద్దేవాణ్ణి. "నా పుస్తకం ఖరాబైతది సార్, గీత పెట్టకుండ్రి" అని వాళ్ళలో ఒక్కడు కూడా అనలేదు. దాంతో లోకమంతా నోటుపుస్తకం చేత పట్టుకొని నా బల్ల ముందు నిలబడి ఉందనే భ్రమ కలిగింది. రిటైరై నిజామాబాద్‌లో స్థిరపడ్డాక, ఆ భ్రమతోనే ఒక ఆదివారం మా చర్చి సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళాను. సభ్యత్వం గురించి మాట్లాడడానికి వెళ్ళి, సభ్యత పోగొట్టుకొని బయటికి వచ్చాను.

ఆయన ఈ మధ్యనే పోయారు. మొన్న జ్ఞాపకార్థ కూడిక జరిగింది. చర్చి ఆవరణలో షామియానా వేసి, ఫోటోకు చామంతి దండ వేసి, మైకు పెట్టారు. మైకు ముందుకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే మాట తిప్పి తిప్పి చెప్పారు: "వేలు పెట్టి చూపేటందుకు లేని మనిషి." నా వేళ్ళు నా జేబులో ఉన్నాయి. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. గొంతు బాగాలేదన్నాను. అది అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి ఒక మాట అడ్డం పడి ఉన్న గొంతును బాగున్న గొంతని ఎవరంటారు? అక్కడ అననిది ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన పేరు ఎవరు ఎంత శ్రద్ధగా రాసినా ఆయనకు నచ్చేది కాదు.

కాలువల ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. నిజాంసాగర్ నీళ్ళు ఏ తూముకు ఏ రోజు వదలాలో రాసే రిజిస్టరు ఆయన చేతి కింద ఉండేదట. "నీళ్ళు ఎటన్న పోనీ పంతులూ, రిజిస్టర్ల మాత్రం పోవాల్సిన కాడికే పోయినయ్" అని నవ్వేవాడు. ఆయన జోకులు వేసేవాడు కాదు. నవ్వుతూ నిజాలు చెప్పేవాడు.

ఆ చేతి కిందికి తర్వాత మా సంఘపు సభ్యుల రిజిస్టరు వచ్చింది. కాలికో గుడ్డ అట్ట వేసిన పెద్ద పుస్తకం. ప్రభు సంస్కారానికి రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద పరిచి పరిచి పలచబడ్డ తెల్ల గుడ్డలో చుట్టి ఉండేది. దాన్ని విప్పే ముందు ఆయన చర్చి వెనక కొళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కునేవాడు. భోజనానికి కూర్చునేటప్పుడు కూడా అంతగా కడుక్కునేవాడు కాదని ఆయన భార్యే అంది. చేతులు తుడుచుకొని, కుర్చీ ముందుకు జరుపుకొని, ఇత్తడి అంచున్న చెక్క స్కేలును లైను కింద ఆనించి, ముక్కు కాగితానికి తగిలేంతగా వంగి రాసేవాడు. లైను పూర్తి కాగానే "ఉఫ్" అని ఊదేవాడు. బాల్‌పెన్ను సిరాలో ఆరేదేముంటుంది! అయినా ఊదేవాడు.

ఆ రాత చూసి తీరాలి. తెలుగు పంతులుగా చెబుతున్నాను, ఒత్తులు ఒత్తుల్లా, సున్నాలు సున్నాల్లా ఉండే అలాంటి దస్తూరి నా శిష్యుల్లో ఒక్కరికీ రాలేదు. గురువుకే లేనిది శిష్యులకు ఎక్కడ నుంచి వస్తుందనుకోండి. కానీ ఆయన గర్వం రాత గురించి కాదు. ఆ పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క కొట్టివేత లేదు. బయటి నుంచి ఏ పెద్దయ్యగారు వచ్చినా, టీ బిస్కెట్లు అయ్యాక, గుడ్డ మూట వాళ్ళ ముందు విప్పేవాడు. "ఎక్కడన్న ఒక్క కొట్టివేత చూపియ్యుండ్రి" అనేవాడు. వాళ్ళు నాలుగు పేజీలు తిప్పి, ఆయన భుజం తట్టి, ఇంకో బిస్కెట్ తీసుకునేవారు.

ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ఆయన కళ్ళు తెరిచి తలలు లెక్కపెట్టేవాడు. అది నేనెలా చూశానని అడగకండి. పాట పాడేటప్పుడు అందరికంటే ఒక మాట వెనక ఉండేవాడు. మేమందరం ఎక్కడ తప్పు పాడామో తెలుసుకొని తాను సరిగా పాడేందుకేమో అనిపించేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను కూడా తప్పు రికార్డు రాసినవాణ్ణవుతాను. డిచ్‌పల్లి దవాఖానలో ఒకప్పుడు కుష్ఠుకు మందు తీసుకొని నయమైనవాళ్ళు కొందరు మా ఆరాధనకు వచ్చేవారు. వాళ్ళ పక్కన కూర్చోవాలంటే మాలో చాలామందికి ఆ రోజే నడుం నొప్పి వచ్చి బల్ల మారేది. సెక్రటరీ గారు వాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి, వాళ్ళ మొండి వేళ్ళను రెండు చేతుల్లోకి తీసుకొని వందనాలు చెప్పేవాడు. ప్రభు భోజనంలో ఒకే గిన్నె అందరి పెదవులకూ తిరుగుతుంది గదా. వాళ్ళు తాగాక ఆ గిన్నె అందుకొని, అంచు తుడవనివ్వకుండా, ముందు తాను తాగేవాడు. నేను ఆ వరుసకు చాలా వెనక ఉండేలా చూసుకునేవాణ్ణి. కాబట్టి ఆయన మంచి మనిషి కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మంచి మనిషి చేతిలో పడితే ఎలా ఉంటుందో మా అక్కను అడగాలి. ఆమె లేదు.

అక్క బోధన్‌లో కాపురం చేసింది. బావ షుగర్ ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని. ఆ క్వార్టర్సులోనే పక్కింట్లో బావ తమ్ముడి కాపురం. బావ పోయాడు, తర్వాత ఫ్యాక్టరీ మూతబడింది. క్వార్టర్లు ఖాళీ అవుతుంటే అక్క తన కొడుకుతోనూ, ఆమె తోడికోడలు తన సంసారంతోనూ నిజామాబాద్ చేరారు. అలా వచ్చినవాళ్ళ పేర్లన్నీ బోధన్ సంఘం ఒకే కాగితం మీద రాసి పంపింది. మా సెక్రటరీ గారు చేతులు కడుక్కొని ఆ పేర్లను తన రిజిస్టరులోకి ఎక్కించుకున్నాడు.

తోడికోడలు తన బిడ్డ పెళ్ళి బాపనయ్యను పిలిచి, ఏడడుగులు నడిపించి చేసింది. అబ్బాయి వైపువాళ్ళు అలా అయితేనే అన్నారు, అమ్మాయి ఆ అబ్బాయే కావాలంది. మా సంఘాల్లో అలాంటి పెళ్ళి చేసిన తల్లిదండ్రులను క్రమశిక్షణలో పెడతారు. అంటే రిజిస్టరులో పేరు పక్కన చిన్న గుర్తు పడుతుంది. ఆరాధనకు రావచ్చు, పాడవచ్చు, ప్రార్థించవచ్చు. నెల మొదటి ఆదివారం అందరూ వరుసగా లేచి వెళ్ళి మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు మాత్రం కూర్చున్నచోటే ఉండాలి. అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటారు. పెళ్ళి మండపంలో లేని బావ తమ్ముణ్ణి వదిలేసి, ముందు నిలబడి చేసిన తోడికోడలికి బోధన్‌లో ఆ గుర్తు పడింది.

తోడికోడళ్ళు వరుసకు అక్కాచెల్లెళ్ళు. పుస్తకంలో కూడా వరుసగానే ఉన్నారు, పై లైనులో అక్క, కింది లైనులో చిన్నామె. ఎక్కించేటప్పుడు గుర్తు ఒక్కటే వరుస తప్పింది. పై లైనులో పడింది.

ఆ సంగతి అక్కకు ఎలా తెలిసిందంటే, నిజామాబాద్‌లో మొదటి సంస్కారపు ఆదివారం, తెల్ల చీర కట్టుకొని తన వరుసతోపాటు లేచింది. సెక్రటరీ గారు నడవలో నిలబడి వరుసలను ఒక్కొక్కటిగా పంపుతున్నాడు. అక్క దగ్గరికి రాగానే అరచేయి అడ్డం పెట్టాడు. గట్టిగా కాదు, చాలా మర్యాదగా.

"మీరు కూసోండ్రి అమ్మా."

"ఎందుకయ్యా?"

"మీకు ఎరికే గదా."

అక్కకు ఎరికలేదు. చర్చి మొత్తానికి మాత్రం ఆ క్షణంలో ఏదో ఎరికైపోయింది. ఆమె కూర్చుంది. మిగతావాళ్ళు పోవడానికి దారి కావాలి గదా, మోకాళ్ళు రెండూ పక్కకు తిప్పుకుంది. ఆ మోకాళ్ళకు తగులుతూ అందరూ వెళ్ళారు. వాళ్ళలో తోడికోడలు కూడా ఉంది. ఆమె వెళ్ళి మోకరించి, రొట్టె తీసుకొని, వెనక్కి వస్తూ అక్క మొహం చూడలేక నేల చూసింది.

ఇంట్లో సంగతి ఆరా తీసి, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకొని నేను వెళ్ళింది ఆ తర్వాతి ఆదివారమే. ఆరాధన అయ్యాక సెక్రటరీ గారు లోపలి గదిలో పుస్తకం ముందు కూర్చొని ఉన్నాడు.

"వందనాలు సార్. మా అక్క పేరు పక్కన పడ్డ గుర్తు కింది లైన్ల పడాల్సింది. పొరపాటున పైకి వచ్చినట్టున్నది."

ఆయన నా మొహం చూడలేదు. నా జేబు చూశాడు.

"పంతులూ, ఆ ఎర్ర పెన్ను ముందు లోపటికి తొయ్యి."

తోశాను.

"ఇప్పుడు చెప్పు. పొరపాటు అంటున్నవ్. ఎవలది?"

"ఎవరిదైతేంది సార్..."

"ఎవలదో లేకుంట పొరపాటు ఎట్లుంటది? ఈ లైను ఎవలు రాసిండ్రు?"

"మీరే సార్."

"ఆఁ" అన్నాడు. ఆ "ఆఁ"తో కేసు అయిపోయింది. నేను ఇంకా వాదిస్తూ నిలబడ్డాను.

"సార్, బిడ్డ లగ్గం చేసినందుకు గదా ఆ గుర్తు? మా అక్కకు బిడ్డే లేదు. ఒక్కడే కొడుకు, వానికింక పెండ్లే కాలే."

ఆయన స్కేలు జరిపి లైను చూశాడు. "బిడ్డ లేదని ఎక్కడ రాసి ఉన్నది? ఈ పుస్తకంల ఉన్నోళ్ళను రాస్తం పంతులూ. లేనోళ్ళను రాయం."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటను పిల్లల పుస్తకంలో చూసి ఉంటే ఎర్ర పెన్నుతో సున్న చుట్టేవాణ్ణి. ఆయన కోపగించుకోలేదు. గుడ్డ చుట్టుకుంటూ "బోధన్‌కెళ్ళి కాగజ్ తే" అన్నాడు.

వెళ్ళాను. చెరుకు ట్రాక్టర్లు ఆ పాత చిమ్నీ ముందు నుంచే దాన్ని పట్టించుకోకుండా వేరే ఊళ్ళ ఫ్యాక్టరీలకు పోతున్నాయి. అక్కడి సంఘ పెద్ద ఒకప్పుడు ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసిన ముసలాయన. సంగతి వినగానే పొట్ట పట్టుకొని నవ్వాడు. "పెద్దామె మీదనా? ఓరి దేవుడా! లగ్గం చేసింది చిన్నామె గదనే!" అన్నాడు. నేను నవ్వకపోవడం చూసి తాను ఆపాడు. నేను బోధన్ బయలుదేరేటప్పుడే అక్క షరతు పెట్టింది, కాగితంలో చిన్నదాని పేరు ఎత్తవద్దని. కాబట్టి ఆయన ఒక్క వాక్యమే రాశాడు: ఫలానా ఆమె మీద మా సంఘంలో ఏనాడూ ఏ క్రమశిక్షణా లేదు. కింద దస్కత్ చేసి సంఘపు ముద్ర వేశాడు.

ఆ కాగితం చేతిలో ఉంటే బస్సులో నాకు సీటు దొరక్కపోయినా పట్టించుకోలేదు. నిలబడే సింహాసనం మీద ఉన్నట్టు వచ్చాను. మూర్ఖత్వానికి కూర్చునే అవసరం ఉండదు.

సెక్రటరీ గారు కాగితాన్ని మెల్లగా చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ చదివాడు. తర్వాత దానికి అంచున బెజ్జం చేసి, దారం గుచ్చి, ఫైలులో పెట్టాడు.

"మంచిది. అందింది."

"మరి దిద్దుతరా సార్?"

"దిద్దుడు అన్నది నియమాలల్ల లేదు పంతులూ. మళ్ళ చేర్చుకునుడు ఉన్నది. దానికి వేరే పేజీ ఉన్నది. సాఫ్‌గ కొత్త లైన్ల రాసుకోవచ్చు. మీ అక్కను ఒక ఆదివారం ముంగటికొచ్చి తప్పయిందని చెప్పుమను. ఆ నెలనే బల్ల కాడికి రావచ్చు."

"తప్పు చెయ్యలేదని ఆ కాగితంల ఉన్నది గదా! చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకుంటది?"

ఆయన నా వైపు నిజంగానే జాలిగా చూశాడు. "అందరం పాపులమే గదా పంతులూ. ఏదో ఒకటి ఒప్పుకొమ్మను."

ఆ రోజు నాకు అర్థమైంది. ఆయనకు తప్పు కనిపించింది. మొదటి రోజే కనిపించి ఉంటుంది. తప్పు దిద్దాలంటే అక్కడ గీత పెట్టాలి. గీత పెడితే అది ఆ పుస్తకంలో మొదటి కొట్టివేత అవుతుంది. దానికి బదులు ఒక ముసలి విధవ లేచి నిలబడి, లేని కూతురి పెళ్ళికి ఏడిస్తే పుస్తకం శుభ్రంగా ఉంటుంది. ఆయన రాత ఆమె తలరాత అయింది.

అర్థమైనవాణ్ణి నోరు మూసుకొని ఇంటికి పోవాలి గదా. ఆ సలహాను మోసుకొని అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె గడప దగ్గర కూర్చొని మెంతికూర గిల్లుతోంది. నేను చెప్పడం అయ్యేదాకా కాడలు ఒక పక్క, ఆకులు ఒక పక్క వేస్తూనే ఉంది.

"అయితే నాకు బిడ్డ ఉన్నదన్నట్టు" అంది.

"అక్కా, అది కాదు..."

"లగ్గం గూడ చేసిన్నన్నట్టు. మరి అల్లుడేడి తమ్మీ? ఒక్క పండుగకన్న రాకపాయె. పట్టుకరా, కాళ్ళు కడుగుత."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఒక్క నిమిషం అక్కా. ఏదో అన్నమనిపించుకొని..."

"ఒక్క నిమిషమే. అందరి ముంగట నిలబడి అబద్ధం చెప్పి, అదే నోటితోని పోయి రొట్టె తినాల్నా? గంత ఆకలి లేదు నాకు."

మెంతికూర ఆకుల్లో ఒక కాడ పడింది. తీసి పారేసింది.

"చిన్నామెనన్న నిజం చెప్పుమందామా?"

"దాన్ని లేపి దాని జాగల నేను కూసుంటనా? దాని బిడ్డ ఇప్పుడిప్పుడే కాపురం చేసుకుంటున్నది. నువ్వు గమ్మునుండు. నాకు తప్పు లేదని ఆయనకు ఎరికే, నీకు ఎరికే, దేవునికి ఎరికే. ఆ పుస్తకానికే ఎరికలేదు."

కానీ ఆమెకు ఆకలి ఉంది. అది నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఒక్క సంస్కారం కూడా తప్పిపోనివ్వని మనిషి. నెల మొదటి ఆదివారం ఎప్పటిలాగే తెల్ల చీర కట్టుకునేది. మొదటి వరుస లేస్తుంటే వీపు నిటారుగా అయ్యేది. తన వరుస లేచేసరికి మోకాళ్ళు పక్కకు తిప్పుకునేది. ప్రతి నెలా అంతే. ఆ మోకాళ్ళు తిప్పుకోవడం నేను వెనక వరుస నుంచి చూసేవాణ్ణి. తర్వాత నేను లేచి వెళ్ళి రొట్టె తీసుకునేవాణ్ణి. అది నాకు మింగుడు పడేది కాదు. మింగేవాణ్ణి.

ఈ లోపల అయ్యగార్లు, అంటే పాస్టర్లు, మారారు. మా దగ్గర అయ్యగార్లకు బదిలీ ఉంటుంది, సెక్రటరీకి ఉండదు. వచ్చిన ప్రతి కొత్త అయ్యగారి దగ్గరికీ వెళ్ళి కథ మొదటి నుంచి చెప్పేవాణ్ణి. వాళ్ళు ఎంతో బాధపడి, "సెక్రటరీ గారిని ఒకసారి అడుగుదాం" అనేవారు. సెక్రటరీ గారు "వచ్చే కమిటీల పెడదాం" అనేవాడు. కమిటీలో వడ్డించేది టీ ఒక్కటే.

ఇంతలో సెక్రటరీ గారు మా అక్క మీద దయ చూపించాడు. ఆమె మోకాళ్ళ నొప్పితో పక్కకు తిరగలేకపోతోందని గమనించాడు. ఆయన గమనించనిది లేదు. తర్వాతి సంస్కారపు ఆదివారానికి గోడ పక్కన, ఫ్యాన్ కింద, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. "ఇట్ల కూసోండ్రి అమ్మా, ఎవలూ తగలరు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె రొట్టె తీసుకోకుండా ఉండడానికి ప్రత్యేకమైన జాగా ఏర్పడింది.

"చూసినవా తమ్మీ" అంది అక్క ఇంటికొస్తూ, "కుర్చీ ఇచ్చిండు. ఇగ ఓట్లు అడుగుడే తక్కువ."

ఆ కుర్చీలోంచే పోయింది. చర్చిలో కాదు, ఇంట్లో, వానాకాలంలో, జ్వరం వచ్చి. కానీ నా కంటికి మాత్రం ఆమె ఇప్పటికీ ఆ గోడ పక్కనే కూర్చొని ఉంటుంది. సమాధికి సెక్రటరీ గారు ఏదైనా అడ్డు చెబుతాడేమోనని నేను ఒక మాట సిద్ధం చేసుకొని వెళ్ళాను. ఆయన అందరికంటే ముందే అక్కడ ఉన్నాడు. గొడుగు పక్కన పెట్టి, వానలో తడుస్తూ, పిడికెడు మట్టి వేశాడు. తర్వాత నా భుజం మీద చేయి వేసి మెల్లగా చెప్పాడు:

"పోయినోళ్ళ మీద క్రమశిక్షణ నడువది పంతులూ. ఇగ ఆమెకు ఏ అడ్డమూ లేదు."

ఓదార్పుగానే చెప్పాడు. అందుకే ఇప్పటికీ మండుతుంది. ఆ ఆదివారం రిజిస్టరులో అక్క పేరు ఎదురుగా చనిపోయిన తారీకు రాశాడు. ఎంత అందంగా రాశాడో! రాసి, ఊదాడు. గుర్తు అలాగే ఉంది.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పోయాయి, మూతి కొంచెం వంకర పోయింది. కొత్త సెక్రటరీగా బ్యాంకులో పనిచేసే ఒకాయన వచ్చాడు. ఖాళీగా ఉన్నానని నన్ను కమిటీలో వేసి, రిజిస్టరు సరిచూసే పని అప్పజెప్పారు. గుడ్డ మూట నా ఇంటికి వచ్చింది. ఎంతోమంది పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, అక్క పేజీ తీసి కూడా ఎర్ర పెన్ను ఎత్తలేదంటే నవ్వకండి; ఆయన ఒప్పుకోకుండా పెట్టిన గీత నాకు గీత కాదు.

మా సంఘంలో ఒక నియమం ఉంది. వరుసగా ఏడాదిపాటు సంస్కారానికి రానివాళ్ళను చురుకుగా లేని సభ్యుల కింద రాసి, పేరు పక్కన ఒక గుర్తు పెడతారు. అయ్యగారు రొట్టె పెట్టె పట్టుకొని రోగుల ఇళ్ళకు వెళ్ళేటప్పుడు చూసే జాబితాలో ఆ గుర్తున్నవాళ్ళు ఉండరు. ఆ నియమం తెచ్చింది పాత సెక్రటరీ గారే. సోమరులు తగ్గుతారని తెచ్చాడు. కొత్తాయన బ్యాంకు మనిషి, పుస్తకం ఒకరోజు తెప్పించుకొని నియమం చూశాడు, ఏడాది చూశాడు, గుర్తు పెట్టాడు. ఎవరి పేరు పక్కన పెడుతున్నాడో చూడలేదు.

కొన్నాళ్ళకు సెక్రటరీ గారి భార్య మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"తమ్మీ, అయ్యగారు మా గల్లీలకు వచ్చిండు, పక్కింటి ముసలామెకు సంస్కారం ఇచ్చి మా ఇంటి ముంగటికెళ్ళే పోయిండు. ఈయన కిటికీలకెళ్ళి చూసిండు. అప్పటిసంది అన్నం ముడుతలేడు. పుస్తకం నీ కాడనే ఉన్నదట గదా. జర ఒకసారి రా."

పుస్తకం గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకొని వెళ్ళాను. అయ్యగారికి ఫోన్ చేసి, రొట్టె పెట్టెతో కొంచెం ఆగి రమ్మన్నాను. సెక్రటరీ గారు కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. నేను స్టూలు మీద మూట విప్పుతుంటే నా చేతుల వైపు చూశాడు.

"కడుక్కున్నవా?" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది గానీ తెలుస్తోంది.

లేచి వెళ్ళి కడుక్కొని వచ్చాను. చిన్నప్పటి నుంచి పెద్దలు చెప్పిన మాట వినే అలవాటు. పేజీ తీసి చూపించాను. తన పేరు, దాని పక్కన పరాయి చేతి గుర్తు. చాలాసేపు చూశాడు.

"తప్పు పడ్డది పంతులూ."

"అవును సార్."

"కొత్త లైన్ల రాయి. కొట్టెయ్యకు."

"కొత్త లైన్ల రాయాలంటే మళ్ళ చేర్చుకునే పేజీలనే రాయాలె సార్. దానికి ముంగటికొచ్చి, నిలబడి, తప్పయిందని చెప్పాలె. మీరు నిలబడలేరాయె."

"నేను తప్పు చెయ్యలే" అన్నాడు. కంట్లో నీళ్ళు తిరిగాయి. అది పక్షవాతం వల్ల కూడా కావచ్చు. "లేవరాలే. గంతే."

"ఎరికే సార్. అక్క గూడ చెయ్యలే."

వంటింట్లో కుక్కరు కూసింది. ఆయన భార్య పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆయన పుస్తకం వైపు చూస్తున్నాడు, కిటికీ వైపు చూస్తున్నాడు. కిటికీలోంచి పక్కింటి గుమ్మం కనిపిస్తోంది. చివరికి ఎడమ చేయి కొంచెం ఎత్తి, పుస్తకం మీదికి విసిరినట్టు ఊపాడు.

"కొట్టెయ్."

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. ముందు పేజీలు వెనక్కి తిప్పాను. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ముందు అక్కది సార్. వరుసల ఆమె ముందున్నది."

అక్క పేరు పక్కనున్న గుర్తు మీద గీత పెట్టాను. ఆ పుస్తకంలో మొదటి కొట్టివేత. నొక్కి పెట్టాను, వెనక పేజీలో కూడా అచ్చు పడింది. ఆమెకు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆ కుర్చీ ఖాళీ అయి చాలా కాలమైంది. తర్వాత ఆయన పేజీ తీసి, ఆయన గుర్తు మీద ఇంకో గీత పెట్టాను. రెండూ కలిపి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

బయట అయ్యగారి బండి ఆగిన చప్పుడైంది.

"చూపియ్" అన్నాడు.

పుస్తకం ఆయన ఒడిలో పెట్టాను. ఆ వంకర మూతితోనే వంగి, ఎర్ర సిరా మీద "ఉఫ్" అని ఊదాడు. గాలి ఒక పక్క నుంచే వచ్చింది. తర్వాత తల దగ్గరగా పెట్టి చూశాడు. అక్క పేజీ చూశాడు, తన పేజీ చూశాడు. ఏమైనా అంటాడేమో, ఒక్క మాటైనా అంటాడేమోనని ఆగాను. చెప్పాను గదా, నా మూర్ఖత్వం చాలా మన్నికైనది.

"గీత వంకర పోయింది పంతులూ" అన్నాడు. "స్కేలు తేలేవా?"

"యాదిమరిచిన సార్" అన్నాను.

ఇత్తడి అంచున్న ఆయన స్కేలు పుస్తకంతోపాటే వచ్చింది. నా ఒళ్ళో ఉన్న సంచిలోనే ఉంది. సంచి మూతి మడిచి, కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.